రాయి నిలిచింది, చేయి కరిగింది

ఎవరు పేర్చారు నిన్ను, ఓ రాతి మెట్టా? ఎవరి భుజాల సలుపు నీలో నిద్రపోతోంది? ఎవరి అరచేతి బొబ్బ చితికి నీ అంచున అంటి, ఎండకు ఎండి, వానకు కరిగి, మన్నులో మన్నై మాసిపోయింది? నీ నెత్తిన నాచు పచ్చని పట్టు కప్పింది. నీ సందుల్లో అడవి ఆకు వేళ్లు చాచింది. నీ మీద అడుగు పెట్టినవాడు, కొండ తానే కరుణించి మెట్టుమెట్టుగా దిగివచ్చిందనుకుంటాడు. అట్లా అనుకోవాలనే నిన్ను పేర్చారు. మనిషి చేయి మచ్చుకైనా కనబడకూడదనే నిన్ను మలిచారు. అదే నీ అందం. అదే నా దుఃఖం.

వర్జీనియా నీలికొండల నెన్నొసట, మిన్నెసోటాలో సుపీరియర్ సరస్సు అలలు పలకరించే ఒడ్డున, టెక్సస్ పైన్ వనాల నీడన, కొలరాడో ఎర్రబండల ఎదపైన, అరిజోనాలో గ్రాండ్ కాన్యన్ అట్టడుగున, ఎక్కడ చూసినా నీ తోబుట్టువులే. మెట్లు, గోడలు, వంతెనలు, వనకుటీరాలు, కాలిబాటలు, చెరువు కట్టలు. 1933 నుంచి 1942 దాకా, తొమ్మిదేళ్లు, దాదాపు 30 లక్షల మంది కుర్రాళ్లు అమెరికా అడవుల్లో గుడారాలు వేసుకుని చేసిన పని అది. వాళ్లు నాటిన మొక్కలు సుమారు 300 కోట్లు. వాళ్ల చేతుల మీదుగా రూపు దిద్దుకున్న పార్కులు దాదాపు 800. ఆ సంస్థ పేరు సివిలియన్ కన్జర్వేషన్ కోర్. పొడి అక్షరాల్లో సి.సి.సి. జనం ముద్దుగా పిలుచుకున్న పేరు ‘రూజ్‌వెల్ట్ చెట్ల సైన్యం’. సైన్యానికి ఇన్ని పేర్లున్నాయి. సైనికుల పేర్లే ఎక్కడా లేవు.

కాలమా, కనికరం లేని కాలమా! ఆ కుర్రాళ్లను నువ్వు ఏ గుమ్మంలోంచి గెంటావో చెప్పు.

1929 అక్టోబరులో న్యూయార్క్ వాల్ స్ట్రీట్‌లో షేర్లు కూలాయి. కాగితం మీది కోట్లు కాగితాలై ఎగిరిపోయాయి. ఆ కూలిన చప్పుడు మిల్లుల్లోకి పాకి మరలను ఆపింది. గనుల్లోకి దిగి దీపాలను ఆర్పింది. బ్యాంకుల్లోకి చొరబడి వేల తలుపులకు తాళాలు వేసింది. చివరికి వంటింట్లోకి వచ్చి పొయ్యిలో పిల్లిని పడుకోబెట్టింది. 1933 నాటికి పని చేయగల ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు. రొట్టెముక్క కోసం, గరిటెడు సూపు కోసం నగరాల వీధుల్లో మనుషులు బారులు తీరారు. తండ్రికే పని లేని ఇంట్లో పద్దెనిమిదేళ్ల కొడుకు అదనపు కంచం. తన నోటి ముద్ద చెల్లెలి కంచంలోంచి వచ్చిందని తెలిసిన కుర్రవాడు ఆ ఇంట్లో ఎట్లా ఉంటాడు? చెప్పకుండా వెళ్లిపోయి గూడ్సు బండి ఎక్కాడు. బండి ఎటు పోతోందో వాడికి తెలియదు. తానెందుకు పోతున్నాడో మాత్రం బాగా తెలుసు. అట్లా పట్టాల వెంట పడి తిరిగిన పిల్లలు రెండు లక్షలకు పైగా ఉంటారని ఆనాటి అంచనా.

మనుషులతోపాటు మన్ను కూడా దివాలా తీసింది. కలప వ్యాపారం కొండలను నున్నగా గొరిగేసి మోడులను మిగిల్చింది. అతిగా దున్నిన మైదానాల్లో పైమన్ను లేచి, మేఘమై, మధ్యాహ్నాన్ని చీకటి చేసింది. వాన పడితే వాలు తెగి ఏటిలో కలిసేది. గాలి వీస్తే పొలం పక్క జిల్లాకు పోయేది. పని లేని చేయి ఒకటి, పలకరించే దిక్కు లేని నేల ఒకటి. ఆ రెంటినీ ఒకదానికొకటి దిక్కు చేయాలన్నది ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ తలపు. 1933 మార్చి 4న ఆయన అధ్యక్షుడిగా ప్రమాణం చేశాడు. అదే నెల 31న చట్టం మీద సంతకం పెట్టాడు. ఏప్రిల్ 7న మొదటి కుర్రవాడు పేరు రాయించుకున్నాడు. ఏప్రిల్ 17న వర్జీనియాలో, జార్జ్ వాషింగ్టన్ జాతీయ అరణ్యంలో, మొదటి శిబిరం వెలిసింది. సంతకానికీ గుడారానికీ మధ్య పదిహేడు రోజులు. జూలై వచ్చేసరికి రెండున్నర లక్షల మందికి పైగా కుర్రాళ్లు, 1,300 దాకా శిబిరాలు. ఆకలికి వాయిదా తెలియదని ఒక ప్రభుత్వం గ్రహించిన అపురూప వసంతం అది.

కార్మిక శాఖ కుర్రాళ్లను ఎంచింది. సైన్యం తిండి పెట్టి, గుడారం వేసి, కట్టూబాటూ నేర్పింది. వ్యవసాయ శాఖ, అంతర్గత వ్యవహారాల శాఖ పని చూపించాయి. వీటన్నిటి మీద అధిపతిగా వచ్చినవాడు రాబర్ట్ ఫెక్నర్, యంత్ర కార్మికుల సంఘంలో ఎదిగిన మనిషి. చేరేవాడికి మొదట్లో పెట్టిన షరతులు నాలుగు. పద్దెనిమిదికీ పాతికకూ మధ్య ఈడు. పెళ్లి కాకూడదు. పని ఉండకూడదు. ఇల్లు సర్కారు సాయం మీద బతుకుతూ ఉండాలి. పేదరికమే అర్హతాపత్రమైన కొలువు అది. జీతం నెలకు 30 డాలర్లు. అందులో 25 డాలర్లు నేరుగా ఇంటికి పోయేవి. కుర్రవాడి చేతికి దక్కేవి 5.

ఆ పాతిక డాలర్లూ! ఏ తల్లి తలుపు దగ్గర టపా బంట్రోతు కోసం ఎన్ని ఉదయాలు నిలబడిందో! ఆ కవరు చించిన క్షణాన పచారీ కొట్టు బాకీ కొంత తీరింది. ఇంటి అద్దె తీరింది. చిన్నవాడి కాలికి బూట్లు వచ్చాయి. పిల్లి లేచి వెళ్లిన పొయ్యిలో నిప్పు రాజుకుంది. ఎక్కడో వెయ్యి మైళ్ల అవతల, పేరు కూడా పలకరాని కొండ మీద, ఆ తల్లి కొడుకు సమ్మెట ఎత్తిన ప్రతిసారీ ఇక్కడ ఒక రొట్టె కాలింది. వాడు దించిన ప్రతి దెబ్బా ఇక్కడ ఒక ముద్ద అయింది. రెక్కాడితే గాని డొక్కాడని బతుకులు మనకు తెలుసు. ఇక్కడ రెక్క ఒక దేశపు అంచున, డొక్క ఇంకో అంచున. నడుమ దేశమంత దూరం. ఆ దూరాన్ని కలిపిన వంతెన ఒక చిన్న కాగితపు ముక్క.

శిబిరానికి సుమారు 200 మంది, సైన్యం భాషలో ఒక కంపెనీ. మొదట గుడారాలు, తరువాత కొయ్య బారకాసులు. ఒంటి మీద మొదటి ప్రపంచ యుద్ధం నాటి పాత సైనిక దుస్తులు. ఎవరి కొలతకో కుట్టిన చొక్కా, ఎవరి పాదానికో చేసిన బూటు, ఎవరి చలికో నేసిన కంబళి. తెల్లవారకముందే బూర ఊదేది. న్యూయార్క్ ఇరుకు సందుల్లో పుట్టి, చెట్టంటే వీధి మొగన నిలబడ్డ ఒంటి కొమ్మ అని నమ్మిన కుర్రవాడు, రైలు దిగి పడమటి కొండల ముందు నిలబడ్డప్పుడు వాడి గొంతులో ఏ మాట ఆగిపోయిందో! చుక్కలు ఇన్ని ఉంటాయని ఎవరూ చెప్పని బాల్యం వాడిది. రాత్రి గుడారం తెర తొలగించి తలెత్తితే ఆకాశం మీద పడేటట్టు ఉండేది. ఇంటి మీద బెంగతో కొందరు చెప్పకుండా పారిపోయారు. ఉన్నవాళ్లు మూడు పూటలా తిని ఒళ్లు చేశారు. పొడుచుకొచ్చిన పక్కటెముకల మీద కండ పట్టింది. రాత్రి పూట లాంతరు వెలుగులో బడి జరిగేది. వేలిముద్ర వేసి చేరినవాళ్లు వేలమంది, ఆ బడిలో అక్షరం దిద్దుకుని, అమ్మకు సొంత దస్తూరీతో ఉత్తరం రాశారు. పేరు రాయడం నేర్చుకున్న ఆ చేతులే, తెల్లారి లేచి, పేరు లేని పనికి వెళ్లాయి.

పని అంటే ఎట్లాంటి పని! పార, గునపం, గొడ్డలి, రంపం, సమ్మెట, ఉలి. కొన్నిచోట్ల డైనమైట్. కుర్రాళ్లకు తెలియని విద్య నేర్పడానికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి అనుభవం పండిన వడ్రంగులను, రాతి మేస్త్రీలను కూలికి తెచ్చారు. జాతీయ పార్కుల సంస్థలో కాన్రాడ్ వర్త్ రాష్ట్ర పార్కుల పనిని నడిపించాడు. ఆల్బర్ట్ గుడ్ అనే వాస్తుశిల్పి 1938లో మూడు సంపుటాల గ్రంథం కూర్చి, పార్కుల్లో కట్టడం ఎట్లా ఉండాలో బొమ్మలతో సహా చూపించాడు. ఆ సంప్రదాయపు సారమంతా ఒక్కటే. కట్టడం కట్టినట్టు కనబడకూడదు. అది నేలలోంచి మొలిచినట్టు ఉండాలి.

ఎంత అందమైన ఆజ్ఞ! ఎంత క్రూరమైన ఆజ్ఞ! రాయి ఆ చోటిదే కావాలి. ఎండకు వానకు రంగు తేలిన ముఖమే బయటికి చూడాలి, ఉలి తాకిన తాజా గాయం లోపలికి పోవాలి. పెద్ద బండలు అడుగున, చిన్నవి పైన, కొండలో రాళ్లు ఎట్లా పడుకుంటాయో అట్లా. గోడ మొదలు వెడల్పుగా ఉండి పైకి పోను పోను సన్నబడాలి, కొండ నుంచి విడిపోలేనట్టు. దూలం మీద గొడ్డలి జాడలు మోటుగా మిగలాలి. గీత గీసినంత తిన్నని అంచు కనబడితే తప్పే. బాట కొండ నడుము ఎట్లా వంగితే అట్లా వంగాలి. తవ్విన వాలు మీద మన్ను సర్ది, అక్కడి మొక్కే తెచ్చి, అక్కడి గడ్డే పరచి, తవ్విన సంగతే అడవి మరిచిపోయేటట్టు చేయాలి. పని పూర్తయిందనడానికి గుర్తు, పని జరిగినట్టే తెలియకపోవడం. మయసభలో నేలను చూసి నీరనుకున్నవాడు తరువాత తెలుసుకుని నవ్వులపాలయ్యాడు. ఇక్కడ భ్రమపడ్డవాడికి ఆ భ్రమ ఎన్నటికీ వీడదు. చరిత్రలో ఏ చక్రవర్తి కట్టించినా గోడ మీద తన పేరు చెక్కించుకున్నాడు. ఈ కుర్రాళ్లు గోడ మీద గోడ పేరు కూడా చెరిపేశారు.

టెక్సస్‌లో బాస్ట్రాప్ పార్కు చూడండి. తూర్పున పైన్ చెట్లు ఎక్కడో ఆగిపోయాక, నూరు మైళ్ల పడమటన తప్పిపోయినట్టు మిగిలిన పైన్ వనం అది. ఆర్థర్ ఫెర్ గీసిన నమూనాలకు కుర్రాళ్లు ఎర్రటి ఇసుకరాయి పేర్చి కుటీరాలు లేపారు. రాతి కుటీరం పక్కన రాతి గుట్ట ఉంటే ఏది కుటీరమో ఏది గుట్టో కాసేపు పోల్చుకోలేం. అక్కడి కార్ఖానాలో దేవదారు చెక్కి చేసిన కుర్చీలు, బల్లలు టెక్సస్‌లో ఇంకెన్నో పార్కులకు బండ్లెక్కి వెళ్లాయి. మిన్నెసోటాలో గూస్‌బెర్రీ జలపాతం దగ్గర, ఇటలీ నుంచి వలస వచ్చిన రాతి మేస్త్రీల చేతి కింద నేర్చుకుంటూ, 300 అడుగుల పొడవున గోడ ఎత్తారు. ఎరుపు, నీలం, గోధుమ, నలుపు వన్నెల గ్రానైటు రాళ్లు. అది కొండవాలును ఆపే గోడ. చూసినవాళ్లకు కోట. నిప్పులు చెరిగే వేసవిలో గ్రాండ్ కాన్యన్ అడుగున ఉండలేక కొండ మీదికీ, మంచు పేరుకునే శీతాకాలంలో తిరిగి లోయలోకీ తిరుగుతూ 818వ కంపెనీ కుర్రాళ్లు కొలరాడో నది పక్కన నిట్టనిలువు రాతిలో బాట తొలిచారు. సరుకంతా కంచరగాడిదల వీపుల మీద దిగింది. 1936 నాటికి ఆ బాట పూర్తయింది. ఈనాడు ఆ బాటన నడిచే యాత్రికుడు నది గొంతు వింటాడు. తన అడుగు కింద సమ్మెటల గొంతు వినడు.

కొలరాడోలో డెన్వరు దగ్గర రెడ్ రాక్స్ అని రెండు ఎర్రని మహాశిలలు ఉన్నాయి. ఒక్కొక్కటి ఆకాశానికి భుజం ఆనించిన రాయి. వాటి నడుమ లోయలో వాస్తుశిల్పి బర్నమ్ హోయిట్ ఒక రంగస్థలం ఊహించాడు. 1936 నుంచి 1941 దాకా కుర్రాళ్లు ఆ ఊహను వీపుల మీద మోశారు. తొమ్మిది వేల మందికి పైగా కూర్చునే వరుసలు కొండ వాలుకు ఒదిగి, కొండలో భాగమై దిగివస్తాయి. 1941 జూన్‌లో తెర లేచింది. 1964లో అక్కడ బీటిల్స్ పాడారు. పాడినవాళ్ల పేర్లన్నీ లోకానికి తెలుసు. కూర్చునే చోటు ఇచ్చినవాళ్ల పేర్లు అడిగితే ఆ రెండు శిలలు ఒకదాని ముఖం ఒకటి చూసుకుంటాయి.

మన తెలుగువాళ్లు కూడా ఆ రాళ్లకు అప్పు పడ్డవాళ్లే. డాలస్ నుంచి, ఆస్టిన్ నుంచి, రాలీ నుంచి, మిన్నియాపొలిస్ నుంచి లాంగ్ వీకెండ్ రాగానే మినీ వ్యాన్లు బయలుదేరతాయి. వనభోజనాల పేరుతో రాతి స్తంభాల మండపాల కింద పులిహోర, పెరుగన్నం గిన్నెలు తెరుచుకుంటాయి. పిల్లలు చెరువు కట్ట మీద పరుగులు తీస్తారు. ఆవకాయ కలిపిన చేతిని కడిగే నీటి గట్టు దగ్గరా, నాయనమ్మ చేయి పట్టుకుని మెల్లగా దింపే మెట్ల దగ్గరా, ఎనభై తొంభై ఏళ్ల కింద ఇంకో ఇంటి ఆకలి పని చేసింది. భోజనానికి ముందు అన్నదాతను తలచుకునే జాతి మనది. నీడదాతను తలచుకునే శ్లోకం మనకు కూడా లేదు.

ఒక్కచోట మాత్రం వాళ్ల పేర్లు రాతిలో ఉన్నాయి. ఎందుకున్నాయో చెప్పడానికి గొంతు పట్టేస్తుంది.

వయోమింగ్‌లో షోషోని జాతీయ అరణ్యం. 1937 ఆగస్టు 18న ఒక పిడుగు. బ్లాక్‌వాటర్ వాగు దగ్గర చెట్టు అంటుకుంది. మంట ఆర్పడానికి కుర్రాళ్లను పంపారు. వాళ్లలో చాలామంది టెక్సస్ పిల్లలు, టెన్‌స్లీప్ శిబిరంలో ఉన్నవాళ్లు. 21వ తేదీ మధ్యాహ్నం గాలి ఒక్కసారి దిక్కు మార్చింది. అంతవరకూ ముందున్న మంట వెనక్కి వచ్చింది. కొండ దారిలో మంట మనిషి కంటే వేగంగా ఎక్కుతుంది. రేంజర్ అర్బన్ పోస్ట్ తన వెంట ఉన్నవాళ్లను పై రాతి గట్టు మీదికి చేర్చి, నేలకు అణిగి పడుకోబెట్టి, చాలామంది ప్రాణాలు కాపాడాడు. రేంజర్ ఆల్‌ఫ్రెడ్ క్లేటన్ తన జట్టుతో కింద లోయలో చిక్కుకుని మరలి రాలేదు. అగ్ని ఆ కొండ మీద 15 మందిని మింగింది. ఓ గాలీ, కుర్రాళ్ల చెమట ఆర్పిన గాలీ, ఆ పూట నీకేమైంది? చెట్లు నాటిన చేతులను చెట్ల మంటకే ఆహుతి ఇచ్చావా? ఆ తరువాత వాళ్ల తోటి కుర్రాళ్లే రాయి తెచ్చి స్మారకం కట్టారు. ఆ రాతి మీద పేర్లున్నాయి. ఆ ఇళ్లకు పాతిక డాలర్ల కవరు ఆగిపోయిన నాటికి గాని ఆ పేర్లు రాయి ఎక్కలేదు. బతికి కట్టినవాడికి దక్కని అక్షరం చచ్చినవాడికి దక్కింది.

ఇంకొక శోకం ఉంది, ఇంతకంటే చల్లనిది. అది కాల్చదు, గడ్డకట్టిస్తుంది.

చట్టం రాసేటప్పుడు జాతి, వర్ణం, మతం పేరిట వివక్ష కూడదని ఒక వాక్యం చేర్పించినవాడు ఆస్కర్ డిప్రీస్ట్. ఆనాటి కాంగ్రెస్‌లో ఉన్న ఒకే ఒక్క నల్లజాతి సభ్యుడు. ఆ వాక్యం కాగితం మీద వెలిగింది. శిబిరాల గుమ్మాల దగ్గర ఆరిపోయింది. దక్షిణాది రాష్ట్రాల్లో ఎంపిక చేసే బల్లల దగ్గర నల్లజాతి కుర్రాళ్లను వెనక్కి తిప్పి పంపారు. 1935లో ఫెక్నర్ శిబిరాలన్నిటా తెల్లవారు వేరు, నల్లవారు వేరు అని ఆజ్ఞ వేశాడు. అయినా రెండు లక్షలకు పైగా నల్లజాతి యువకులు చేరి, అదే పార పట్టారు, అదే రాయి ఎత్తారు. 1936 జూన్ 15న వర్జీనియా రాష్ట్రం ఆరు పార్కులను ఒకే రోజున తెరిచింది. వాటిలో సముద్రపు ఒడ్డున ఉన్న సీషోర్ పార్కు పనిలో నల్లజాతి కంపెనీ చెమట ఉంది. సైప్రస్ చెట్ల నీడలో, నల్లని నీటి మడుగుల పక్కన, వాళ్లు బాటలు వేశారు. బాటలు పూర్తయ్యాయి. ఆ బాటల్లో నడిచే హక్కు వాళ్లకు లేదు. గేటు పెట్టిన చేతినే రాష్ట్రం ఆ గేటు బయట ఉంచింది. తరువాత నల్లజాతివారు కోర్టుకెక్కారు. అందరికీ తెరవమని న్యాయం అడిగేసరికి, 1955లో రాష్ట్రం ఆ పార్కునే మూసేసింది. పంచుకోవడం కంటే పాడుబెట్టడమే మేలనుకున్న ఆ మనసును ఏ ఉలితో చెక్కాలి?

ఆడపిల్లల మాట? ఆకలికి ఆడా మగా లేదు. చట్టానికి ఉంది. అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ పట్టుబట్టి న్యూయార్క్ రాష్ట్రంలో బేర్ మౌంటెన్ దగ్గర 1933లో ఆడవాళ్లకొక శిబిరం తెరిపించింది. వెక్కిరించేవాళ్లు సి.సి.సి. పేరును వంకరతిప్పి దానికి ‘షి-షి-షి’ అని పేరు పెట్టి నవ్వుకున్నారు. అట్లాంటి శిబిరాలన్నీ కలిపి 1937లో మూతపడేలోగా చేరిన స్త్రీలు సుమారు 8,500 మంది. 30 లక్షల పక్కన ఆ సంఖ్యను పెట్టి చూడండి. మగపిల్లవాడికిచ్చిన డాలరు కూలి వాళ్లకు ఇవ్వలేదు.

వర్జీనియాలో షెనండోవా కొండల కథ వేరే కన్నీరు. అక్కడ పార్కు వెలవకముందే మనుషులున్నారు. ఆపిల్ తోటలు, మొక్కజొన్న చేలు, తాత కట్టిన దుంగల ఇల్లు, తల్లిని పాతిన వాలు. పార్కుకు అడవి కావాలి. అడవిలో మనుషుల జాడ ఉండకూడదు. వర్జీనియా 1928లో చేసిన చట్టంతో ఆ భూములను తీసుకుంది. దాదాపు 500 కుటుంబాలు కొండ దిగాయి. ఖాళీ అయిన ఇళ్లను పడగొట్టే పని సి.సి.సి. కుర్రాళ్లకే పడింది. ఇల్లు గడవక ఇల్లు విడిచి వచ్చిన పిల్లలు ఇంకొకరి ఇంటి దూలాలు ఊడబెరికారు. పేదవాడి చేత పేదవాడి గూడు తీయించిన ఆ విధికి ఏ కాటికాపరి కూలి లెక్కకట్టగలడు? ఆ తరువాత ఆ కుర్రాళ్లే స్కైలైన్ డ్రైవ్ అనే కొండదారి పక్కన రాతి గట్లు పేర్చారు, వాలు మీద లారెల్ మొక్కలు నాటారు. 1936 జూలై 3న బిగ్ మెడోస్ మైదానంలో రూజ్‌వెల్ట్ పార్కును జాతికి అంకితం చేశాడు. మూడేళ్లకు అదే చోట వెలిసిన అతిథి గృహానికి వాడిన కలప, తెగులు సోకి మాడిపోయిన చెస్ట్‌నట్ చెట్లది. చచ్చిన చెట్టుకు గోడలో చోటు దొరికింది. బతికున్న కొండవాసికి దొరకలేదు.

అంత పెద్ద సైన్యం ఎట్లా మాయమైందంటారా? రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆయుధ కర్మాగారాల చిమ్నీలు పొగ విడిచాయి. పనిలేమి తగ్గింది. పెర్ల్ హార్బర్ మీద దాడి తరువాత కాంగ్రెస్‌కు మొక్కల మాట వినే తీరిక లేదు. 1942 జూన్ 30తో నిధులు ఆగిపోయాయి. వీడ్కోలు లేదు, ఊరేగింపు లేదు. చేతిలో పార ఉన్న కుర్రవాడికి తుపాకి ఇవ్వడం సులువే. వాడికి బూర చప్పుడుకు లేవడం, వరుసలో నిలబడడం ముందే అలవాటు. కొండ మీద రాయి ఎత్తిన భుజాలు ఎన్నో సముద్రాలు దాటి వెళ్లాయి. కొన్ని తిరిగి రాలేదు. ఖాళీ శిబిరాల్లో కొన్నిటిని యుద్ధఖైదీలకు ఇచ్చారు. ఆయుధం పట్టబోమన్న అహింసావాదులకు కొన్ని ఇచ్చారు. మిగతావి అడవికే వదిలేశారు. ఈనాడు అక్కడ ఒంటరిగా నిలబడ్డ పొగగొట్టమో, గడ్డిలో మునిగిన పునాదో మిగిలింది. తాము నాటిన చెట్లే తమ గుర్తును కప్పేశాయి.

ముప్పై లక్షల్లో లోకం పేరు పెట్టి పిలిచినవాళ్లు ఎందరు? వాల్టర్ మథౌ సినిమాల్లో వెలిగాడు. ఆర్చీ మూర్ బాక్సింగ్‌లో ప్రపంచ విజేత అయ్యాడు. అట్లా మరికొందరు. పార విడిచి వేరే వెలుగులోకి వెళ్లాక గాని వాళ్లకు పేరు రాలేదు. ఇటీవలి దశాబ్దాల్లో కొన్ని పార్కుల్లో కంచు విగ్రహాలు నిలిపారు. చొక్కా లేని ఒంటితో, గొడ్డలి చేత పట్టిన కుర్రవాడు. చాలా రాష్ట్రాల్లో అదే ముఖం. అందరినీ ఒకే అచ్చులో పోసి గౌరవించారు.

రాయి అయినా శాశ్వతమా? 2011 సెప్టెంబరులో కరువు కోరలు చాచిన టెక్సస్‌లో కార్చిచ్చు చెలరేగి బాస్ట్రాప్ పైన్ వనాన్ని కమ్మేసింది. పార్కులో నూటికి తొంభైకి పైగా కాలింది. అగ్నిమాపక దళాలు పోరాడి రాతి కుటీరాలను దక్కించాయి. నాలుగేళ్లు తిరక్కుండా, 2015 మేలో, చెట్టు లేని వాలు మీద కుండపోత కురిసి, పార్కులోని చెరువు కట్ట తెగింది. మంటలో నిలిచింది నీటిలో పోయింది. ఇంకా ఎన్నో చోట్ల మంటా వరదా అక్కరలేకుండానే పని జరుగుతోంది. గారలో చీలిక, చీలికలో నీరు, నీటిలో మంచు, మంచు ఉబ్బి రాయిని మెల్లగా తోస్తుంది. జాతీయ పార్కుల్లోనే వాయిదా పడుతూ పేరుకున్న మరమ్మతుల విలువ రెండు వేల కోట్ల డాలర్లు దాటింది. చేయి కనబడకుండా కట్టినందుకు దక్కిన ఫలం ఇది. కొండే కట్టుకుంది కదా, కొండే చూసుకుంటుందిలే అని లోకం అనుకుంది. ఎవరూ కట్టనిదాన్ని ఎవరు బాగుచేస్తారు?

అందుకే ఈ విలాపాన్ని ఇక్కడితో కట్టిపెడుతున్నాను. కన్నీళ్లతో గార కలవదు. ఆ గోడలకు కావలసింది రాయి మర్మం తెలిసిన మేస్త్రీ. అతని పక్కన నిలబడి నేర్చుకునే పద్దెనిమిదేళ్ల పిల్లవాడూ, ఈసారి పిల్ల కూడా, ఏ రంగు ఒంటివాళ్లయినా ఒకే గుడారం కింద. నెల తిరిగేసరికి వాళ్ల ఇంటికి చేరే కూలి. పని అయ్యాక గోడ మూల వాళ్ల పేర్లు చెక్కుకునే జానెడు చోటు. ఇది జరగదని, ఇంత పెద్ద పనికి ఏళ్లూ పూళ్లూ పడుతుందని చెప్పేవాళ్లు ఉంటారు. బ్యాంకులు మూతపడి, బొక్కసం బోసిపోయి, పని చేయగల ప్రతి నలుగురిలో ఒకరికి పని లేని 1933లో ఆ దేశానికి పట్టింది పదిహేడు రోజులు.